మదామ్ చెల్లెలు

"కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా రిఫరీ? మా వాడికి కాలడ్డం పెట్టి పడేస్తే కనపళ్ళేదా?"

ఐస్ హాకీ ఆడే రింక్ కప్పు అదిరేలా అరిచింది మిరెయ్. అరిచింది అచ్చమైన ఇంగ్లీషులో. కసి తీరక ఇంకోటి అందుకోబోతూ పక్కకి తిరిగేసరికి మెట్ల మీద మేవ్ నిలబడి ఉంది. చేతిలో వేడి చాక్లెట్ కప్పు, నోరు తెరుచుకుని.

మిరెయ్ గబుక్కున స్కార్ఫ్ మొహం మీదికి లాక్కుంది.

మేవ్ ఆమె క్లాసులో పిల్ల. ఫ్రెంచ్ ఇమ్మర్షన్ కిండర్‌గార్టెన్. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలే అందరూ, క్లాసు గుమ్మం దాటారంటే మాత్రం అంతా ఫ్రెంచే. సెప్టెంబరు నుంచీ మిరెయ్ తనకి ఇంగ్లీషు ముక్క రానట్టే నటిస్తోంది. పిల్లలు ఇంగ్లీషులో ఏమన్నా భుజాలెగరేసి తెల్లమొహం వేస్తుంది. ఆ మొహం చూసి జాలేసి పిల్లలే ఫ్రెంచ్ మాటలు వెతుక్కుంటారు. మేవ్ అయితే క్రిస్మస్ దాకా అసలు నోరే విప్పలేదు. జనవరిలో ఓ పొద్దున ఆమె స్వెటర్ పట్టుకు లాగి, "మదామ్, నా చేతి తొడుగు పోయింది" అంది ఫ్రెంచ్‌లో. మిరెయ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఇప్పుడదంతా మట్టిగొట్టుకుపోయినట్టే.

"మేవ్ ఇంట్లో ఎప్పుడూ మీ గురించేనండీ," అంటూ మేవ్ తల్లి దగ్గరికొచ్చింది. "ఆడేది మీ అబ్బాయా?"

"మా అన్న కొడుకు," అంది మిరెయ్ ఫ్రెంచ్‌లో.

తల్లికి ఫ్రెంచ్ రాదు. బిత్తరపోయింది. "అయ్యో, ఇందాక మీరు ఇంగ్లీషులో..."

"అవునవును, చలి ఎక్కువగానే ఉంది," అని అదీ ఫ్రెంచ్‌లోనే చెప్పి, సగం ఆట ఉండగానే లేచి బయటికి నడిచింది మిరెయ్. కొడుకుని మొగుడికి అప్పజెప్పి, వెనకాలే పాప్‌కార్న్ పట్టుకుని వదిన పరిగెత్తింది.

"ఐదేళ్ళ పిల్ల మిరెయ్, రేపటికి మర్చిపోతుంది," అంది కారెక్కాక.

"పొద్దున తిన్నదేంటో మర్చిపోతారు వదినా. ఇలాంటివి మర్చిపోరు. సోమవారం క్లాసులో కబుర్ల వేళ అందరికీ చెప్పేస్తుంది. నాకు ఇంగ్లీషొచ్చని తెలిశాక వాళ్ళు ఫ్రెంచ్‌తో ఎందుకు కుస్తీ పడతారు చెప్పు? చచ్చినా పడరు."

"అయితే సోమవారం కబుర్లు ఎగ్గొట్టెయ్."

మంచి సలహాలాగే తోచింది మిరెయ్‌కి.

సోమవారం బూట్లూ మంచు ప్యాంట్లూ విప్పే గోల ముగిసింది. రగ్గు మీద గుండ్రంగా కూర్చుని తేదీ చెప్పారు, వారాల పాట పాడారు. ఒక్సానా కిటికీలోంచి చూసొచ్చి, "మంచు పడుతోంది" అని చాలా గంభీరంగా ప్రకటించింది. కెనడా విన్నిపెగ్‌లో మార్చి నెలలో ఇంకేం పడుతుంది మరి.

"ఇవాళ కబుర్లు వద్దు. ఇంకో పాట పాడుకుందాం," అంది మిరెయ్.

పిల్లలు ఆమెను వింతగా చూశారు.

"కాదు మదామ్. వాతావరణం అయ్యాక కబుర్లు," అన్నాడు కాస్పర్.

"రోజూ అంతే కదా," అంది ఒక్సానా.

ఏదైనా ఒక వరసలో జరగాలని ఆర్నెల్లుగా వాళ్ళ బుర్రల్లోకి ఎక్కించింది తనే. ఇప్పుడెవరిని తిడుతుంది? ఈలోగా మేవ్ చెయ్యెత్తింది, ఎప్పుడూ ఎత్తని పిల్ల.

"నేను ఐస్ రింక్‌కి వెళ్ళాను," అంది మేవ్, ఒక్కో ఫ్రెంచ్ మాటా కూడబలుక్కుంటూ. "అక్కడ మదామ్‌ని చూశాను."

మిరెయ్ పాటల పుస్తకం కోసం చెయ్యి చాపింది.

"మదామ్ కాదు. మదామ్‌లా ఉంది. ఇంగ్లీషు మాట్లాడింది. చాలా గట్టిగా." మేవ్ కాసేపు ఆలోచించింది. "మదామ్ చెల్లెలు."

"ఆ చెల్లెల్ని నేనూ చూశా," అన్నాడు కాస్పర్. "పెట్రోలు బంకులో. ఫోన్లో ఇంగ్లీషు."

"నేనూ," అంది ఒక్సానా. "కొట్లో పెరోగీ కుడుములు కొంది. మా అమ్మమ్మతో ఇంగ్లీషు."

"మీ చెల్లెలేనా మదామ్?" అని అడిగింది మేవ్.

మిరెయ్‌కి చెల్లెలు కాదు కదా, అక్క కూడా లేదు. అయినా ప్రాణం లేచొచ్చింది.

"మా చెల్లెలే. పాపం, దానికి ఫ్రెంచ్ రాదు."

"బాగా అరుస్తుంది," అంది మేవ్.

"నేను చెప్తాలే దానికి."

ఆ రోజంతా మిరెయ్ కాళ్ళు నేల మీద ఆనలేదు. పసివాళ్ళు, ఏం చెప్తే అది నమ్ముతారు, ఎంత అదృష్టం అనుకుంది. భోజనాల వేళ వదినకి ఫోన్ చేసి చెప్పి పడీపడీ నవ్వింది.

ఇళ్ళకెళ్ళే వేళకి ఎవరిదో టోపీ కనపడలేదు. మిరెయ్ బూట్ల అలమర వెనకాల వంగి వెతుకుతోంది. అలమరకి ముందువైపు బెంచీ మీద జిప్పులు లాక్కుంటూ కాస్పర్, మేవ్ గుసగుసలాడుకుంటున్నారు. తను లేదనుకుని, ఎవరూ అడక్కుండానే, తమలో తాము ఫ్రెంచ్‌లో మాట్లాడుకుంటున్నారు. వచ్చీరాని ఫ్రెంచే, మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలతో. అయినా మిరెయ్ కళ్ళు చెమర్చాయి. కదిలితే ఆపేస్తారేమోనని అలాగే ఉండిపోయింది.

"మదామ్‌కి చెల్లెలు లేదు. నిజం చెప్పేద్దామా?" అన్నాడు కాస్పర్.

"వద్దు," అంది మేవ్. "తనకి ఇంగ్లీషొచ్చని మనకి తెలుసని చెప్పేస్తే, పాపం, మదామ్ ఇంక ఫ్రెంచ్ మాట్లాడ్డం మానేస్తుంది."