పంది నాలుక కింద

నా రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక అక్షరాలు నేర్చుకున్నాను. నిదానంగా రాస్తాను.

నా వయసులో ఉన్నప్పుడు మా చిన్నది టిలెలెకు మూర్ఛలు వస్తుండేవి. పందిని అమ్మి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలని, పందులు కొనే సకాలాను పిలిచాం. అతను పందిని వెల్లకిలా పడేసి, నోట్లో కర్ర అడ్డంపెట్టి, నాలుక లాగి, కింద వేళ్లతో తడిమాడు.

"మసేసే ఉంది," అన్నాడు.

కల్లు అడుగున మిగిలే మడ్డిని మసేసే అంటాం. పంది కండలో తెల్లగా కనిపించే పురుగు బుడ్డలకూ అదే పేరు.

"ధర తెగ్గొయ్యడానికి నాటకాలా? ముందు నీ నాలుక పట్టి చూడాలిరా!" అంది మా అత్త. "కొనకపోతే పో. పోయినేడు నువ్వు వద్దన్నదాన్నీ మేమే కోసుకుతిన్నాం. ఏమైంది?"

"ముసలమ్మా, మనుషుల పియ్యి తిన్న పందికే ఇది వస్తుంది."

"నా పంది ఊరు తిరగలేదు. పిల్లప్పటి నుంచి మా పెరట్లోనే కట్టేశాం!"

సకాలా నాలుక వదిలేశాడు. మా ఇంటి వెనక, మేం దొడ్డికి వెళ్లే పొదల వైపు చూశాడు.

"అయితే అది తిన్నది మీదే. పోయినేటి మాంసంలోని పురుగు మీలో ఎవరి కడుపులోనో పెరుగుతోంది. ఆ మనిషి చేతి నుంచే దాని గుడ్లు తిండిలోకి పోతాయి. మా తమ్ముడికి అవి తలకెక్కాయి. మూర్ఛలతోనే పోయాడు."

లోపల టిలెలె లేచింది. "అమ్మా, ఆకలి."

అత్తా నేనూ ఒకేసారి ముద్ద గిన్నె వైపు చేతులు చాచాం. ఇద్దరం ఆగిపోయాం.

నసిలినా మ్వాలే, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది పెటౌకెలో.