మెదడు వాచినా సెలవు లేదా

“ఈ ప్రెస్సులో ఒక మనిషిని నిలువునా చంపుతున్నది మీరే.”

బైండింగక్క యూనియన్ కార్యదర్శి. మెత్తగా మాట్లాడటం ఆమెకు రాదు, నేర్చుకోనూ లేదు. చేతి జిగురు తుడుచుకోకుండానే డాక్టరు చీటీ తెచ్చి యజమాని బల్ల మీద కొట్టింది. వెనక గుమ్మం నిండా పనివాళ్ళు. మిషన్లు ఆగిపోయాయి.

ముందురోజు యూనియన్ పిలిస్తే డాక్టరొచ్చి, ప్రెస్సులో ఒక్కరినీ వదలకుండా బీపీ చూశాడు. అందరిదీ ఒక ఎత్తు, ఈ చీటీలోది ఒక ఎత్తు. పైది నూట ఎనభై, కిందది నూట పది.

“నాలుగు ఉప్పురాళ్ళు తగ్గిస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?” అన్నాడు యజమాని.

ఉప్పొక్కటే కాదట. డాక్టరు చెప్పింది అక్క తన భాషలో అప్పజెప్పింది. మెదడులో కాపలా కణాలుంటాయి. బీపీ ముదిరితే అవి రెచ్చిపోయి లోపల వాపు తెస్తాయి. ఇక నరాలు ఊరుకోవు, గుండెనీ మూత్రపిండాలనీ అదిలిస్తూనే ఉంటాయి. బీపీ ఇంకా ఎక్కుతుంది.

“దొంగ లేకుండానే కుక్క మొరుగుతుంది. దాని అరుపుకి ఊరంతా కర్రలు పట్టుకుని లేస్తుంది. ఆ తలకాయలో రోజూ ఇదే భాగోతం.”

యజమాని మెడ తడుముకున్నాడు.

ఆ మనిషి సంగతులు ఆమె ఏకరువు పెట్టింది. పొద్దున్న అందరికంటే ముందొస్తాడు. తాళం పడేదాకా కదలడు. మెతుకులు నోట్లో ఉండగానే ప్రూఫులు దిద్దుతాడు. పదకొండేళ్ళలో ఒక్క సెలవు లేదు. కాగితం వంకరగా పడితే చాలు, కణతల మీద నరాలు తాళ్ళలా లేస్తాయి. ఇంటావిడ యూనియన్ గదికొచ్చి ఏడ్చిపోయింది.

“పాఠ్యపుస్తకాల సీజను. ఆ మనిషి లేకపోతే ఇక్కడ ఒక్క కాగితం కదలదు.”

“మనిషే లేకుండా పోతే?”

యజమాని గొణిగాడు. “అయినా, సెలవు కావాలని అడగలేదు కదా.”

“అడిగితే ఇచ్చే మొహమేనా మీది?”

యజమాని కాసేపు ఆలోచించి, ఇవ్వనని నిజాయితీగా ఒప్పుకున్నాడు. గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. అక్క కళ్ళురిమింది.

అప్పటికే నింపి తెచ్చిన సెలవు కాగితం పరిచింది. పదిహేను రోజులు. కింద సంతకానికి ఖాళీ. కలం మూత తీసి చేతిలో పెట్టింది.

“బీపీ మీది, సెలవిచ్చే చెయ్యీ మీదే, ఇప్పుడే సంతకం గీకి ఇంటికెళ్ళి పడుకోండి, లేదంటే రేపట్నుంచి సమ్మె.”