ఎవరో చూసిన లింకు

ముప్పై లింకుల్లో ఒకే ఒక్కటి వంకాయరంగులో ఉంది.

వెబ్ డిజైనరు కోడలు కుర్చీ ముందుకు లాక్కుంది. క్యాన్సర్ ఆసుపత్రి వెబ్‌సైటుకు ఆమె చేసిన కొత్త ముస్తాబు నిన్ననే ఎక్కింది, పేజీలు మాత్రం పాతవే. ఆఫీసులో బాగానే ఉంది, ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్లో ఎలా ఉందో చూద్దామని ఆదివారం పొద్దున హాల్లో కూర్చుంది. ఆమె లెక్క ప్రకారం లింకులన్నీ నీలంగా ఉండాలి.

ముందు తప్పు తనదే అనుకుంది. పేజీలకు రంగులద్దే సీఎస్సెస్‌లో సూడో క్లాసులని కొన్నుంటాయి. సూడో అంటే ఉత్తుత్తి. పలకా బలపం లేని క్లాసులన్నమాట. వాటిలో హోవర్‌ది చపలచిత్తం. మౌస్ మీదికొస్తే రంగు మారుస్తుంది, పక్కకు పోతే మరిచిపోతుంది. విజిటెడ్ అలా కాదు, చాడీల పిన్నిగారి టైపు. ఒక్కసారి ఎవరైనా ఆ లింకు నొక్కి లోపలికెళ్ళొచ్చారా, తర్వాత ఆ కంప్యూటరు ముందు కూర్చున్న వాళ్ళకు రంగు మార్చి మరీ చెప్పేస్తుంది.

కోడంతా వెదికింది కోడలు. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు లింకు మీది మాటలు చదివింది.

'రొమ్ము క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు తెలుసుకోవలసినవి.'

లింకుకొచ్చిన రంగు ఆమె ముఖంలోంచి పోయింది.

బ్రౌజరు చరిత్ర తీసింది. మంగళవారం మధ్యాహ్నం మూడు. బుధవారం మూడు. గురువారం మూడుంపావు. అన్నీ తను ఆఫీసులో ఉండే వేళలే. ఆ వేళకు ఇంట్లో ఉండేది ఇద్దరు. ముందు గదిలో వాచీలు బాగుచేసే భర్త, వంటింట్లో అత్తగారు. ఆయనది పొద్దస్తమానం ముళ్ళతోనే కాపురం, ఈ ఆడవాళ్ళ జబ్బుతో ఆయనకేం పని? ఇక మిగిలింది అత్తగారు.

ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. వారం నుంచీ అత్తగారు అన్నం కెలికి లేచిపోతున్నారు. మొన్న కళ్ళు తుడుచుకుంటుంటే ఏమిటని అడిగితే, ఉల్లిపాయలమ్మా అన్నారు. ఆ రోజు ఇంట్లో ఉల్లిపాయలే లేవు.

వంటింట్లోకి నడిచింది. అత్తగారు పొయ్యిగట్టు తుడుస్తున్నారు. ఎక్కడైనా నొప్పిగా ఉంటోందా అని చుట్టూ తిప్పి అడిగింది. నొప్పి లేని చోటు అడుగు, చెప్పడం సులువు అన్నారావిడ, తలెత్తకుండానే. ఆ హాస్యానికి ఎప్పుడూ పగలబడి నవ్వే కోడలు ఈసారి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"అత్తయ్యా, ఆ పేజీ చూసింది మీరే కదూ?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"నా కళ్ళకు ఆ చిన్న అక్షరాలు ఆనతాయా అమ్మాయ్."

ఏ పేజీ అని మాత్రం అడగలేదు. కోడలు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. రేపే సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్తానంది. అక్కడి డాక్టర్లందరి ఫోటోలూ సైటులో పెట్టింది తనే కాబట్టి ముఖపరిచయం ఉందంది. ముందుగా తెలిస్తే నయమవుతుందని ఆ పేజీలో తనే పెద్ద అక్షరాల్లో పెట్టానని చెప్పింది.

"మీరేం భయపడకండి. మిమ్మల్ని నేను చూసుకుంటాను."

అత్తగారు చెయ్యి విడిపించుకుని నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ కళ్ళు కోడలి భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్ళాయి.

"ఇక నా వల్ల కాదురా. నువ్వే చెప్పు."

గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. వాచీలు చూసే భూతద్దం నుదుటి మీదే ఉంది. అయితే ఈయనకూ తెలుసన్నమాట. తల్లీకొడుకులు కూడబలుక్కుని తన దగ్గర దాచారన్నమాట. కోపం రాబోయింది గానీ, భయం దాన్ని నెట్టేసి ముందుకొచ్చింది. రిపోర్టు ఎప్పుడొచ్చిందో, అత్తయ్యకు ఎంతవరకు ముదిరిందో చెప్పమని భర్తను నిలదీసింది.

ఆయన ఫోను తీసి, రిపోర్టు తెరిచి, ఆమె అరచేతిలో పెట్టి, ఆ చేతిని వదల్లేదు.

"సైటు పని చేసినవాళ్ళందరికీ ఆసుపత్రివాళ్ళు ఊరికే పరీక్షలు చేశారు కదా," అన్నాడు. "ఆ ఫారంలో నువ్వు నా నంబరిచ్చావు."