వేలెడంత సందు

మంచు కురిసే అడవి అంచున వ్యానులో పడుకోవాలన్నది భర్త సరదా. నర్సుగా పనిచేసే భార్యకి మాత్రం ఒళ్లు మండిపోతోంది. రెండు రగ్గులు కప్పుకున్నా పళ్లు టకటకలాడుతున్నాయి. అయినా ఊపిరాడాలి కదా అని పక్క అద్దం వేలెడంత తెరిచి పెట్టింది.

కునుకు పట్టిందో లేదో, అద్దం కిర్రుమంటూ మూసుకుపోయింది.

"ఎన్నిసార్లు చెప్పాలండీ? గాలాడక ఇద్దరం చస్తాం!"

"నేను ముట్టుకుంటే ఒట్టు," అన్నాడు భర్త రగ్గులోంచే.

"అయితే దానంతటదే మూసుకుందా?" అని విసురుగా మళ్లీ తెరిచింది. ఈసారి కళ్లు మూసుకున్నట్టు నటిస్తూ గమనించింది. బయటినుంచి ఒక అరచేయి అద్దానికి ఆని, మెల్లిగా తోస్తోంది.

భయం కంటే ముందు కోపం తన్నుకొచ్చింది.

"ఎవడ్రా నువ్వు? మా కిటికీతో నీకేం పని? సిగ్గులేదూ?"

బయటి గొంతు మర్యాదగానే పలికింది. "కోప్పడకండమ్మా. రగ్గులన్నీ మీరే కప్పుకున్నారు. వెనక పడుకున్న పాప వణికిపోతోంది."

"మాకసలు పిల్లలే లేరు!" అని కసిరింది.

భర్త లేచి కూర్చుని, వ్యాను వెనక చీకట్లోకి చూస్తూ, తన రగ్గు తీసి అటు చాపాడు.

"ఎవరికండీ ఇస్తున్నారు? మీకేమైనా మతిపోయిందా?" అని గద్దించింది.

రగ్గు అతని చేతిలోంచి మెల్లమెల్లగా వెనక్కి జరిగిపోయింది.