ఐదో తాళం

"నాలుగు తాళాలూ తీశాం. ఐదోది తీయాల్సిన పెద్దమనిషి ఏడయ్యా?" అటవీ ఆఫీసరు వాచ్‌మన్ మీద విరుచుకుపడ్డాడు, ఆ పెద్దమనిషిని వాచ్‌మనే జేబులో దాచుకున్నట్టు.

ఆ రాని పెద్దమనిషి గైడుల సంఘం అధ్యక్షుడు. పర్యాటకులు వచ్చే ఈ గుహను చూసుకునే ఉమ్మడి కమిటీలో ఐదుగురు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు కాబట్టి ఇనుప తలుపుకి ఐదు తాళాలు. వేయడానికి నొక్కితే చాలు, తీయడానికి మాత్రం ఎవరి తాళంచెవితో వాళ్లు రావాల్సిందే. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు పెద్దలు.

"ఫోన్ కలవట్లేదండీ. ఇంట్లోనూ లేరట," అన్నాడు వాచ్‌మన్ నీరసంగా.

అతని చేతిలో సెలవు చీటీ నలిగిపోతోంది. పదకొండింటికి ఆసుపత్రిలో భార్య కంటికి కట్టు విప్పుతారు. "కళ్లు తెరవగానే నువ్వే కనబడాలి" అందామె. ఆ ధ్యాసలోనే నిన్న సాయంత్రం గబగబా ఐదు తాళాలూ నొక్కేసి ఇంటికి పరుగెత్తాడు.

"అయ్యా, నాలుగు సంతకాలైపోయాయి. వెళ్లొచ్చాండీ?"

"ఉమ్మడి వ్యవహారమయ్యా. ఐదూ పడాలి," అన్నాడు మునిసిపాలిటీ మేనేజరు.

గుహ చూడ్డానికి వచ్చిన జనం పదింటి దాకా ఎండలో నిలబడి, తిట్టుకుంటూ వెళ్లిపోయారు. తప్పు ఎవరిదని నలుగురూ గొంతులు చించుకున్నారు. చివరికి అధ్యక్షుణ్ణి కమిటీలోంచి తీసేయాలని తీర్మానం రాశారు. దానికీ ఐదో సంతకం కావాలని గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నారు. అలవాటు కొద్దీ ఎవరి తాళం వాళ్లు నొక్కేసి, ఆయన్ని వెతకడానికి తలో దిక్కూ పోయారు.

గోల సద్దుమణిగింది. వాచ్‌మన్ తలుపుకి చేరగిలబడి కూర్చున్నాడు. ప్రాణం విసిగిపోయింది. పదిన్నర దాటుతోంది.

వీపు వెనక టకటకమని చప్పుడైంది.

"ఎవరయ్యా బయట?" లోపలి నుంచి బొంగురుపోయిన గొంతు. "నిన్న బల్బు మారుస్తుంటే తలుపు మూసేశారు! పొద్దుటినుంచీ బాదుతున్నా, మీ అరుపుల్లో నా అరుపు వినేదెవరు? తియ్యండి!"

గొంతు అధ్యక్షుడిది. వాచ్‌మన్ లేచి ఐదు తాళాల వంకా చూశాడు, గడియారం వంక చూశాడు. తర్వాత వంగి, చీటీనీ పెన్నునీ తలుపు కింది సందులోంచి లోపలికి తోశాడు.

"తలుపు తీయాలంటే ఆ నలుగురూ రావాలండీ, కబురు పెడతాను. ఈలోగా తమరు దీని మీద ఒక్క సంతకం పెట్టండి."