పదును వద్దన్న కత్తి

“పదును వద్దా? మళ్ళీ చెప్పు.” సైదావలి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

“వద్దు మామా. మెరిస్తే చాలు. అందులో మొహం కనపడాల,” అన్నాడు పెంచల్.

పాత చొక్కాగుడ్డలో చుట్టి తెచ్చిన మంగలికత్తిని సైదావలి విప్పాడు. తుప్పుపట్టి మడత బిగుసుకుపోయింది. అయినా కొమ్ము పిడి మీది పగులు చూడగానే గుర్తుపట్టాడు.

“ఇది మీ నాయనది గదా! ముప్పై ఏళ్ళు దీనికి సాన పట్టింది నేనే. జువ్వలదిన్నెలో ముత్యాలయ్య చేత గడ్డం గీయించుకోకుండా పడవెక్కినోడు లేడు. రెండేళ్ళయింది ఈ బోగోలు వచ్చి. ఎట్టుండాడు?”

“ఉండాడు మామా.” పెంచల్ రోడ్డు వైపు చూశాడు.

“మరి దీన్నేం చేస్తావు?”

“మా ఊళ్ళో ఒకాయన ఉండాడు. మెరవకపోతే చేత్తో ముట్టుకోడు.”

సైదావలికి ఒళ్ళు మండింది. పాత సామాన్లు కొని అద్దాల బీరువాల్లో పెట్టుకునేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. తండ్రి బతికుండగానే ఆయన కత్తిని వీడు అమ్ముకుంటున్నాడు!

“నీ గడ్డం చూసుకున్నావా? మూడు వేళ్ళు పెరిగింది. ముత్యాలయ్య కొడుకువా నువ్వు!”

పెంచల్ గడ్డం నిమురుకుని నవ్వాడు. “ఉండనీ మామా. దాంతో పనుంది.”

సైదావలి కత్తిని కిరసనాయిల్లో నానబెట్టాడు. మోటారు చక్రానికి పెడితే ఉక్కు వేడెక్కి పస పోతుందని, వాటర్ పేపర్ ముక్కలతో చేత్తోనే రుద్దాడు. ముందు గరుకుది, తర్వాత నున్నటిది. నాలుగో రోజుకి కత్తిలో అతని తెల్ల కనుబొమలు కనిపించాయి. అక్కడితో ఆపాలి. చెయ్యి ఆగలేదు. పదును లేని కత్తి ఇంతవరకూ అతని అంగడి గడప దాటలేదు. పైగా ఇది ముత్యాలయ్య కత్తి. సానరాయి తడిపాడు.

పెంచల్ రాగానే సైదావలి తన తల వెంట్రుక ఒకటి పీకి కత్తి మీద వదిలాడు. రెండు ముక్కలై జారిపోయింది.

పెంచల్ మొహం పాలిపోయింది. “వద్దని చెప్పినా గదా మామా!”

“మీ నాయన కోసం పెట్టినాలే. ఊరికే.”

“తీసెయ్ మామా. నీకు దణ్ణం పెడతా.”

సైదావలి టీ తాగిన గాజుగ్లాసు బోర్లించి, దాని అడుగు అంచు మీద కత్తి వాదరని మూడుసార్లు గీశాడు. పళ్ళు జివ్వుమన్నాయి.

“తీసుకుపో. ఇంక దీంతో అరటిపండు కూడా తెగదు.”

పెంచల్ వాదర మీద బొటనవేలు ఆ చివర నుంచి ఈ చివరకి నడిపి చూసుకున్నాడు. తర్వాత ఊపిరి వదిలాడు.

ఆ మధ్యాహ్నం సైదావలికి అన్నం సయించలేదు. ఈ సంగతి ముత్యాలయ్యకి చెప్పి తీరాలనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే జువ్వలదిన్నె బస్సెక్కాడు.

మంగలి అంగడి తెరిచే ఉంది. లోపల ముత్యాలయ్య ఎవరికో గడ్డం గీస్తున్నాడు. గుమ్మంలోనే సైదావలి కాళ్ళు ఆగిపోయాయి. ముత్యాలయ్య తల వణుకుతోంది, చెయ్యి వణుకుతోంది. ఆ చేతిలో కత్తి ధగధగలాడుతోంది. కుర్చీలో మనిషి కళ్ళ దాకా నురగతో, మెడ వెనక్కి వాల్చి కదలకుండా ఉన్నాడు.

“ఏ ఊరయ్యా మీది?” అడిగాడు ముత్యాలయ్య.

“ఈ ఊరే.”

“ఎప్పుడూ చూళ్ళేదే!” ముత్యాలయ్య కత్తిని వెలుతురుకి ఎత్తి మురిపెంగా చూసుకున్నాడు. “బోగోలు సైదావలి పట్టిన సాన ఇది. ఎంత మెత్తగా పోతా ఉందో చూడు. ఆ, అయిపోయింది. నున్నగా ఉండావు, లే. తర్వాతెవరు?”

బెంచీ మీద ఎవరూ లేరు.

తువ్వాలుతో నురగ తుడుచుకున్న పెంచల్, మూడు వేళ్ళ గడ్డంతో మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.