పాటకు ముందు చిరుగంట

శుభవార్త వచ్చినప్పుడు సౌండాయన ఫోను పక్కనే కూర్చుని ఉన్నాడు. తీసింది మాత్రం వంటింట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చిన భార్య.

"ఏమండీ, ముచ్చటగా ఉంటుందని మీ ఫోనుకి పిట్టకూత పెట్టానా! అది చెవి పక్కనే గొంతు చించుకుంటుంటే ఉలకరూ పలకరూ. ఇదిగో, పెద్దావిడ."

పెద్దావిడ అంటే గాయని. మొన్న ఆవిడ కచేరీని రికార్డు చేసింది ఇతనే. దాన్ని ఆల్బమ్‌గా తేవడానికి ఒక కంపెనీ ఒప్పుకుందట.

"పాటలు విడివిడిగా కోసి రేపటికల్లా ఇచ్చెయ్యి నాయనా. ఒక్క మాట. ప్రతి పాటా నా చిరుగంట నుంచే మొదలవ్వాలి. అది లేకపోతే నాకు ఆల్బమే వద్దు."

ఒళ్లో ఉన్న చిరుగంటను ఒక్కసారి మోగించి, కళ్లు మూసుకుని, కాసేపాగి పాట ఎత్తుకోవడం ఆవిడ అలవాటు.

పెళ్లయ్యాక వచ్చిన మొదటి పెద్ద పని. భార్య గాల్లో తేలిపోతోంది. అతనికేమో కూర్చున్నా అలసటే. ఏళ్ల తరబడి సభల్లో, పెళ్లిళ్లలో, మనిషెత్తు స్పీకర్ల పక్కన నిలబడ్డ ఒళ్లు అది.

ఇన్నాళ్లూ రికార్డు చేసి ఇచ్చెయ్యడమే తప్ప, పాటలు కోసే పని అతనికి తగల్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో తెలీదు.

ముందు ఉచితంగా దొరికేది దించాడు. నిశ్శబ్దం కనిపిస్తే చాలు, అది కోసేస్తుంది. పెద్దావిడ ఊపిరి పీల్చుకున్న చోటల్లా పాటని బెండకాయలా తరిగి పెట్టింది. తీసేశాడు.

రెండోది చప్పట్లను బట్టి కోసేది. పాటలు చక్కగా విడిపోయాయి. ప్రాణం లేచొచ్చింది. మొదటి పాట పెట్టాడు. చప్పట్లు తగ్గాయి. కాసేపు ఖాళీ. తర్వాత పాట.

చిరుగంట లేదు.

ఇంకో పాట పెట్టాడు. అదే వరస. ఇంకోటి. అదే.

"మొదళ్లు మింగేస్తోంది, దిక్కుమాలింది," అని గొణుక్కున్నాడు.

"ముందు మీరేమైనా మింగండి, పొద్దుట్నుంచి ఖాళీ కడుపు!" అంది భార్య లోపలినుంచి. "ఆ వాషింగ్ మెషీన్ కీచుకీచుమంటోంది, కాస్త ఆపి రండి."

"అదెప్పుడో ఆగిపోయిందిగా!"

"ఆహా, పనెగ్గొట్టడానికి ఎంత తెలివండీ," అంటూ ఆమే వెళ్లి ఆపింది.

మూడో సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ కొయ్యాలో ఎవరి గీతలు వాళ్లే పెట్టుకోవాలి. పాటకు బాగా ముందునుంచే కోసి చూశాడు. లాభం లేదు. చివరికి ఏ సాఫ్ట్‌వేరూ ముట్టుకోని అసలు రికార్డింగే పెట్టి, వాల్యూమ్ పెంచి విన్నాడు.

అందులోనూ లేదు.

తప్పు సాఫ్ట్‌వేర్లది కాదు. మైకుది. ఆ మైకు పెట్టింది తను.

భార్య టీ పట్టుకొచ్చింది. "ఏంటండీ, మొహం అలా వేలాడేశారు?"

"చిరుగంట ఒక్క పాటకీ రికార్డవ్వలేదు. రేపు పొద్దున్నే వెళ్లి ఆవిడ కాళ్లమీద పడతాను. ఇంకెవర్నైనా చూసుకోమంటాను."

"అవ్వలేదా? ఏదీ, పెట్టండి."

పెట్టాడు. చప్పట్లు. ఖాళీ. పాట.

"చూశావా?"

ఆమె నవ్వబోయింది. అతని మొహం చూసి ఆగిపోయింది. మళ్లీ పెట్టమంది. ఈసారి స్పీకర్ వంక కాకుండా అతని వంకే చూస్తూ కూర్చుంది. పాట మొదలయ్యాక టీ కప్పు పక్కన పెట్టి, మెల్లగా అతని చెయ్యి పట్టుకుంది.

"రేపు పొద్దున్నే ఇద్దరం వెళ్దామండీ, పెద్దావిడ దగ్గరికి కాదు, చెవుల డాక్టరు దగ్గరికి... ఆ చిరుగంట నాకు ఇందాకట్నుంచీ వంటింట్లోకి వినిపిస్తూనే ఉంది."